కవచము మనకు, గాయము వారికా?

ఆదివారపు ఆరాధనలో మనము పాడు కీర్తనలలో అనేకము యుద్ధపు కీర్తనలే. ఉజ్జీవ సభలకై వేయించు కరపత్రములమీద ఖడ్గమో, డాలో, శిరస్త్రాణమో లేనిదే అచ్చుకూటమువానికి చేయి ఆడదు. జబ్బు చేసినచో అది యొక యుద్ధము. అప్పు మీదపడినచో యుద్ధము. పిల్లవాడు పరీక్ష తప్పినను యుద్ధమే. పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని సర్వాంగ కవచమును మన బోధకులు తొడిగినంత సులువుగా ఏ సిపాయియు తన ఉడుపును తొడిగి యుండడు. నిజముగా యుద్ధమును కన్నులార చూచివచ్చిన పెద్దమనిషి మాత్రము అదే మందిరములో, వెనుక బల్లమీద, గోడకానుకొని కూర్చుండియుండును. ఆయనను ఎవరును ఏమియు అడుగరు.

సైనికుని మాటలను ప్రసంగమునకు ఎరువు తెచ్చుకొని, సైనికుని మరచు అలవాటు మన సంఘములలో నాటుకొనిపోయినది. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలన్నారు. ఈ యెరువు తీర్చవలసిన కాలము దాటినదని మేము చెప్పుచున్నాము. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును, తోచనిండు.

ఇది ఇతరులకన్న మనకు దగ్గర సంగతి. మనము ఈ ప్రాంతములకు ఎట్లు చేరితిమో మన పిల్లలకే సరిగా తెలియదు. మగ్గముతో షోలాపురము చేరినవారు, గని పనికి కోలారు వచ్చినవారు, ఎప్పటినుండియో నేలను నమ్ముకొని గంజాములోనే యున్నవారు గలరు. వారితోపాటు పటాలము వెంట వచ్చినవారును గలరు. కంపెనీవారి మద్రాసు సైన్యములో సిపాయి భార్యాబిడ్డలు పటాలముతో కూడ ఊరూరు కదలెడివారు. బళ్లారి, బెంగుళూరు దండు, నాగపూరు దాపుననున్న కామఠీ, ఈ దండు పేటలలో తెలుగు మాట నిలిచినదన్న, ఆ సిపాయి బిడారముల పాలు అందులో కొంత యున్నది. 1756లో క్లైవు మద్రాసు తీరమునుండి బంగాళమునకు సిపాయిలను తీసికొనిపోయిన తరువాత, ఉత్తరాదిన సిపాయి అనుటకు మారుగా ‘తిలంగా’ అను మాటయే చాలకాలము చెల్లినది. మన జాతి పేరే ఒక వృత్తికి పేరైనది.

అట్టివారిని పందొమ్మిదవ శతాబ్దపు చివర ‘యుద్ధజాతి కాదు’ అని ప్రక్కకు నెట్టిరి. 1881 మొదలు 1885 వరకు మద్రాసు సైన్యమునకు అధిపతిగా నుండిన రాబర్ట్సు దొర దక్షిణాది సిపాయిని చిన్నచూపు చూచినవారిలో ముఖ్యుడు. 1920వ దశకము ముగియునప్పటికి పాత మద్రాసు పదాతి పటాలములు ఒకటొకటిగా రద్దయినవి. రెండవ ప్రపంచయుద్ధము వచ్చి మనుష్యులు చాలకపోగా, మద్రాసు రెజిమెంటును మరల లేవనెత్తిరి. నిన్నటిదాక యోధులు కానివారు ఒక్క సంతకముతో యోధులైరి! తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమునకు ‘మిలిటరీ మాధవరము’ అను పేరు ఊరక రాలేదు. అక్కర కలిగినప్పుడు వీరుడు, అక్కర తీరినప్పుడు ఎవడో. ఈ బుద్ధి దొరలతో ఓడ ఎక్కి పోయినదని మనము అనుకొనుచున్నాము. పోలేదు.

మొదటి ప్రపంచయుద్ధములో ఈ దేశమునుండి 10 లక్షలకు పైబడి సైనికులు, పనివారు సముద్రము దాటిరి. 74,000 మంది తిరిగి రాలేదు. 1931లో ఢిల్లీలో ఆవిష్కరించిన ఇండియా గేటుమీద చెక్కిన పేర్లు 13,000 చిల్లర. కామన్వెల్తు యుద్ధ సమాధుల సంఘమువారు 2021 ఏప్రిలులో తమ నివేదికలో తామే ఒప్పుకొనిరి: ఆ యుద్ధములో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాసులలో 45,000 మొదలు 54,000 మందిని తక్కువ మర్యాదతో స్మరించిరట, మరి కనీసము 1,16,000 మందిని, బహుశః 3,50,000 మందిని, పేరుతో స్మరింపలేదట, లేదా బొత్తిగా స్మరింపనే లేదట. మూటలు మోసినవాడు, కంచరగాడిదను తోలినవాడు, గాయపడినవానిని డోలీలో తెచ్చినవాడు, వీరి పేర్లు వ్రాసి పెట్టుకొనవలెనని ఎవరికిని తోచలేదు.

ఈ అంకెలు చదివి తెల్లవారిని నాలుగు తిట్లు తిట్టి ఊరకుండుట సులభము. కాని బైబిలు చదువుకొను మనకు ఈ విషయమున సాకు లేదు. సమూయేలు మొదటి గ్రంథములో బెసోరు వాగు కథ కలదు. దానిమీద ప్రసంగము వినుట మిక్కిలి అరుదు. గొల్యాతును కొట్టిన దావీదుమీద మాత్రము ఏటేట వినుచున్నాము. అమాలేకీయులు సిక్లగును తగులబెట్టి ఆడువారిని, పిల్లలను చెరగొనిపోయిరి. దావీదు 600 మందితో వెంట తరుముచుండగా, వారిలో 200 మంది అలసి సొలసి బెసోరు వాగు దాటలేక సామానునొద్ద నిలిచిపోయిరి. తక్కిన 400 మంది పోయి, పోరాడి, చెరపోయినవారిని విడిపించి, కొల్లసొమ్ముతో తిరిగివచ్చిరి. అప్పుడు వారిలో కొందరు దుర్మార్గులు, వెంట రానివారికి పాలెందుకు, వారి భార్యాబిడ్డలను మాత్రము అప్పగించి పంపివేయుదమనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికెంతో సామానునొద్ద నిలిచినవానికిని అంతే అని తీర్పు చెప్పి, దానిని ఆ జనమునకు శాశ్వతమైన కట్టడగా చేసెను.

ఈ కట్టడ దయాధర్మము కాదు, హక్కు. అలసిపోయినవాడు అలసిపోయినందువలన పాలుకు తప్పిపోడు. కాలు విరిగి తిరిగివచ్చినవాడు, పతకము రానివాడు, వంటశాలలో ఇరువది సంవత్సరములు రొట్టెలు కాల్చినవాడు, అందరును అదే కొలతలో కొలవబడవలెను. మన సభలలో శాలువ కప్పునప్పుడు మాత్రము ఎవని మెట్టు ఎంత, ఎవని రొమ్ముమీద బిళ్లలెన్ని అని చూచుదురు. మేజరుగారికి వేదికమీద కుర్చీ, నాయకుగారికి గుమ్మమునొద్ద నిలుచుండు పని. ఇది దావీదు కట్టడ కాదు. దావీదు నోరు మూయించినవారి కట్టడ.

శాలువ మాట వచ్చినది గనుక చెప్పుదుము. డిసెంబరు 7వ తేది 1949 నుండి జెండా దినము. ఆనాడు ఒక చిన్న జెండాను చొక్కాకు గ్రుచ్చుకొందుము. కరియప్పగారు 1953లో విరమించిన జనవరి 14వ తేదిని ఇప్పుడు మాజీ సైనికుల దినముగా జరుపుచున్నారు. ఆనాడు ఒక దండ. తక్కిన సంవత్సరములో మాజీ సైనికుడు మనకు జ్ఞాపకము వచ్చునది ఎప్పుడు? క్యాంటీను కార్డు కావలసినప్పుడు! పెండ్లి సామాను చౌకగా దొరకునా, పండుగకు సీసాలు తెప్పించునా అని అడుగుటకు పోవుదుము. ఆ సీసాయే ఆయన ఇంట ఏమి చేయుచున్నదో అడుగుటకు పోము.

ఇక మన సంఘములలో జరుగుచున్న గొప్ప అన్యాయమునకు వత్తుము. ఒకాయన రాత్రి నిద్రపోడు. బాణసంచా ప్రేలినచో ఉలికిపడి గోడవైపు జరుగును. ఇంటివారిమీద అకారణముగా కసరును. తరువాత తానే కుమిలిపోవును. భార్య కన్నీటితో పాస్టరుగారికి చెప్పుకొనును. సమాధానమేమి వచ్చును? విశ్వాసము చాలదమ్మా, ఉపవాసముండి ప్రార్థింపుడు, ఇది చీకటి శక్తుల పని. ఇట్లు చెప్పువారు దుష్టులని మేమనము. అనేకులు మంచివారే. కాని వారు చెప్పునది అబద్ధము. 1915లోనే మైయర్సు అను వైద్యుడు, ప్రేలుళ్ల నడుమనుండి వచ్చిన సైనికుల యీ స్థితినిగూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. దానికి నేడు వాడుచున్న పేరు 1980లో మానసిక వైద్యుల గ్రంథమున కెక్కినది. ఇది గాయము. తొడలో దిగిన తూటాను విశ్వాసలోపమనరు గదా! తలలో నిలిచిపోయిన శబ్దమును మాత్రము అట్లనుట ఏ న్యాయము?

వైద్యుని మాట అక్కరలేదు, వాక్యమే కావలెనందురా? ఏలీయాను చూడుడు. కర్మెలుమీద అంతటి జయము పొందిన ప్రవక్త, మరునాటికి ప్రాణభీతితో అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూలబడి, చావు కోరుకొనెను. జయము పొందిన తరువాతనే కూలబడెనని గమనింపుడు. అప్పుడు దేవదూత వచ్చి ఏమి చేసెను? విశ్వాసమునుగూర్చి ఒక్క మాట మాటలాడలేదు. నిప్పులమీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు తలయొద్ద ఉంచి, తట్టి లేపి తినుమనెను. ప్రవక్త తిని మరల పండుకొనగా, నిద్రపోనిచ్చి, రెండవమారు లేపి, మరల తినిపించెను. ప్రయాణము నీకు మించినదని ఒప్పుకొనెను. దేవునితో సంభాషణ నలువది దినముల తరువాతి మాట. అన్నము, నిద్ర, తోడు, ఆ తరువాతనే బోధ. ఈ క్రమమును మనము తలక్రిందులు చేసితిమి. వైద్యునియొద్దకు పోవుట అవిశ్వాసమనువారు ఆ రొట్టెను ఏ వరుసలో చేర్చుదురో మాకు తెలియుట లేదు.

విశ్వాసమన నేమి, అది సైనికుని జీవితములో ఎచ్చట కానవచ్చును అను ప్రశ్నకు సువార్తయే జవాబిచ్చుచున్నది. కపెర్నహూములోని శతాధిపతి విశ్వాసమును ప్రభువు మెచ్చుకొని, తన జనములో కూడ అట్టిదానిని చూడలేదనెను. ఆ శతాధిపతి ఏ యుద్ధములో జయము కోరి వచ్చెను? ఏదియు కాదు. తన ఇంట పక్షవాతముతో బాధపడుచున్న దాసుని కొరకు వచ్చెను. తాను ఒకరి యాజ్ఞకు లోబడినవాడనియు, తన మాటకు లోబడువారు గలరనియు, కనుక ఒక్క మాట చాలుననియు చెప్పెను. దండులో నేర్చిన మాటతోనే మ్రొక్కెను. కేకలు లేవు, విజయధ్వనులు లేవు. ప్రక్కవాని బాధను తన బాధగా మోసికొనివచ్చుట, మాటయిచ్చినవానిని నమ్మి తిరిగిపోవుట, ఇంతే. మన విజయోత్సవ సభల విశ్వాసమునకును దీనికిని ఎంతో దూరము. పటాలములలో నేటికిని పండితుడు, మౌల్వీ, గ్రంథీలతోపాటు క్రైస్తవ సైనికులకు పాద్రీ కలడు; పలుచోట్ల ఒకే కప్పు క్రింద సర్వమతముల ప్రార్థనాస్థలము నడచుచున్నది. అచ్చట ప్రక్కప్రక్కన మోకరించి వచ్చినవాడు మన మందిరములో మనకు నేర్పదగినది చాల కలదు. అడిగిన గదా!

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. అది పనికిమాలినది కాదు. క్రీస్తు సమాధానపరచువారిని ధన్యులనెను. ఆయన సంఘము కత్తి పట్టినవానిని సన్మానించుట యేమి? పైగా మన తాతలు పోరాడినది మన దేశముకొరకా, పరాయి సామ్రాజ్యముకొరకా? రెండవ మాటను మేమును కాదనము. మెసపొటేమియా యిసుకలో చచ్చిన తెలుగువానికి ఆ యుద్ధముతో పనిలేదు. ఇంట గంజి లేక పోయెను. కాని యుద్ధమును మెచ్చుట వేరు, యుద్ధమునుండి వచ్చినవానిని ఆదరించుట వేరు. సిపాయిలు బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు వచ్చి మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన వారిని తరిమివేయలేదు. దోచుకొనవద్దనెను, అబద్ధపు నేరములు మోపవద్దనెను, జీతముతో తృప్తిపొందుమనెను. మనము ఆ ప్రశ్నను వినుటకైనను కూర్చుండుట లేదు.

మరియు, పరిశుద్ధుల పట్టికలోనే మార్టిను కలడు. నాలుగవ శతాబ్దపువాడు, తండ్రి రోమా సైన్యమున పనిచేసినవాడు, మాజీ సైనికుల కుమారులు సైన్యమున చేరవలెనను ఆజ్ఞ వలన బాల్యముననే బలవంతముగా చేర్పబడినవాడు. చలికాలమున అమియాను పట్టణ ద్వారమునొద్ద వణకుచున్న బిచ్చగానికి, వేరేమియు లేక, తన అంగీని కత్తితో రెండుగా కోసి సగమిచ్చెను. ఆ రాత్రి కలలో క్రీస్తు ఆ సగపు అంగీని కప్పుకొని కనబడెనని ఆయనను ఎరిగినవాడే వ్రాసిన చరిత్ర చెప్పుచున్నది. తరువాత ఆయన యుద్ధము చేయనని చెప్పగా పిరికివాడనిరి. అట్లయిన ఆయుధము లేకుండ సేన ముందు నిలుతుననెను. ఆ అంగీని దాచిన చోటికి వచ్చిన పేరే, లాటిను మాటనుండి, నేడు ప్రార్థనామందిరమునకు వాడు ‘చాపెల్’ అను మాటయైనది. అనగా మన చాపెల్ గోడలకే ఒక సైనికుని చినిగిన గుడ్డ పేరున్నది. ఆయన పండుగ నవంబరు 11. 1918లో మొదటి యుద్ధము ఆగినదియు అదే తేదిన.

నవంబరు నెల మనకు చిత్రమైన నెల. 2వ తేదిన సమాధులకు సున్నము వేసి, పూలు చల్లి, క్రొవ్వొత్తులు వెలిగింతుము. 11న యుద్ధమృతుల స్మరణ. పూణె దాపున ఖడ్కీలోను, చెన్నపట్టణమున నందంబాక్కములోను యుద్ధ సమాధులమీద గడ్డి సమముగా కత్తిరించి, రాయి రాయికి తేడా లేకుండ కాపాడుచున్నారు. చూచినవారికి మనస్సు కరగును. అదే నెలలోనే బ్రదికియున్న పింఛనుదారు తాను బ్రదికియున్నానని ఋజువు చేసికొనవలెను! చనిపోయినవానికి క్రొవ్వొత్తి, బ్రదికినవానికి వరుసలో నిలువు కాళ్ల కొలువు. ఎనుబది యేండ్ల ముసలమ్మ వ్రేలి గీతలు అరిగిపోయి యంత్రము గుర్తుపట్టదు. 2022 ఏప్రిలు నెలకు, ఈ యేటేటి గుర్తింపు నమోదు కాలేదని 58,000 మందికి పైబడిన సైనిక పింఛనుదారులకు వేళకు పింఛను పడలేదు. గగ్గోలు పుట్టిన తరువాత గడువు పొడిగించి ఇచ్చిరి. ఆ దినములలో ఎందరి పొయ్యి వెలుగలేదో ఏ మందిరములోనైన అడిగిరా?

మనవారికి దీనిలో ప్రత్యేకమైన చిక్కు ఒకటి యున్నది. తెలుగువాని ఇంటిపేరు ముందు వచ్చును; మరాఠీ, కన్నడ గుమాస్తాలు దానిని వెనుకకు త్రిప్పుదురు, లేదా ఒక్క అక్షరము చేసి వదలుదురు. భార్య పేరు పటాలపు పుస్తకములో ‘మరియమ్మ’, ఆధారులో ‘మేరీ’, బ్యాంకు పుస్తకములో పెండ్లికి ముందటి హిందూ పేరు. భర్త ఉన్నంతకాలము ఇది ఎవరికిని పట్టదు. ఆయన పోయిన మరునాడు ముగ్గురు స్త్రీలు పుట్టుదురు, అందులో ఎవరికిని పింఛను రాదు. దిద్దించుటకు వ్రాయవలసినది ఆంగ్లములోనో హిందీలోనో. ఊరి కచేరి భాష మరియొకటి. ఆమెకు వచ్చినది తెలుగు. బ్రహ్మపురమునుండి నాందేడు వరకు ఇదే కథ.

పింఛను వచ్చుచున్నది గదా, ఇంకేమి కావలెననువారు రెండు సంగతులు తెలిసికొందురు గాక. సిపాయికి పింఛను రావలెనన్న 15 ఏండ్ల కొలువు ఉండవలెను. అంతకు ముందే సాధారణముగా ఇంటికి వచ్చినవారికి అది లేదు. వచ్చువారును అనేకులు నలువది యేండ్లు నిండకమునుపే ఉద్యోగము విడిచి, కావలివాని పనికై వెదకుకొనువారే. పింఛను లేని, 65 ఏండ్లు దాటిన, హవల్దారు మెట్టు వరకుగల పేద మాజీ సైనికులకును, అట్టివారి వితంతువులకును నెలనెల ఇచ్చు సహాయమును 2025లో 4,000 రూపాయలనుండి 8,000 రూపాయలకు పెంచిరి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా దరఖాస్తు పెట్టుకొనవలెను. ఈ మాటను ఎన్ని మందిరములలో ప్రకటనల వేళ చదివిరి? కన్వెన్షను తేదీలు మాత్రము మూడు వారములు ముందుగా చదువుదురు.

మేము కోరునది సన్మానసభ కాదు. ప్రతి సంఘములోను, ప్రతి తెలుగు పేటలోను, మతము చూడక, మాజీ సైనికుల పేర్లు, సైనికుల వితంతువుల పేర్లు ఒక పుస్తకములో వ్రాయుడు, మెట్టు వ్రాయనక్కరలేదు. అక్టోబరులోనే వారి ఇండ్లకు పోయి కాగితములు చూడుడు: పింఛను ఉత్తరువు సంఖ్య, ఆధారు, బ్యాంకు పుస్తకము, ఆధారుతో కలిపిన ఫోను నంబరు. మూడింటను పేరు ఒకటేనా అని అక్షరమక్షరము సరిచూడుడు. భర్త బ్రదికియుండగానే పటాలపు రికార్డు ఆఫీసుకు వ్రాసి దిద్దింపుడు. వ్రేలిముద్ర పడనివారికి ముఖము చూపి చేయు పద్ధతి ఫోనులోనే కలదు. మంచము దిగలేనివారికి తపాలావారు ఇంటికి వచ్చి చేయు ఏర్పాటు 2020 నుండి కలదు. నిద్రలేనివానిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు పాస్టరుగారే ముందు నడువవలెను. కచేరికి పోవలసిన ముసలమ్మను ఒంటరిగా పంపవద్దు. అచ్చటి భాష చదువనేర్చిన మన పిల్లవానినొకనిని, ఆ పూట బడి మానినను సరే, తోడిచ్చి పంపుడు.